లాగే బలం, నిలిపే బలం

మెటియాబ్రుజ్ అన్న పేరు మన చెవికి కొత్తగా తోచదు. అందులోని మట్టీ, బురుజూ మన మాటలే. రాజ్యం కోల్పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో వచ్చి నివసించిన కోల్‌కతా ప్రాంతమిది. నేడు దర్జీల పనితనానికి పేరెన్నికగన్నది. 1884లో చిన్న కర్మాగారంగా మొదలై, 1960లో ప్రభుత్వరంగంలోకి వచ్చిన గార్డెన్ రీచ్ నౌకా నిర్మాణ సంస్థ ఇక్కడిదే. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయమూ ఈ చుట్టుపక్కలదే. 2003 వరకు వాల్తేరు డివిజన్ ఆ రైల్వేలోనే ఉండేది గనుక, ఎన్నో తెలుగు కుటుంబాలకు గార్డెన్ రీచ్ పరిచితమైన పేరే.

ఈ వీధుల్లో మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించినవి, రేవు నుండి కంటైనర్లను లాగుకొని వచ్చే ట్రైలర్లు. పాత లారీని ట్రైలర్ లాగే బండిగా మార్చుకోవచ్చునా అని చాలామంది అడుగుతుంటారు. అమెరికాలో కొందరు భారీ ట్రక్కులను అలా మార్చి, చక్రాల మీది విహారగృహాలను లాగిస్తారు. ఇంజను బలముంటే చాలునన్నది సామాన్యుల భావన. అది పొరపాటు.

ట్రైలర్ ముందుభాగపు బరువును మోసేది ఫిఫ్త్ వీల్ అనే ఉక్కు పళ్ళెం. ట్రైలర్ అడుగున ఉండే కింగ్ పిన్ దానిలోనికి దిగి బిగుసుకుంటుంది. సాధారణంగా ఆ పిన్ను మందం సుమారు 50 మిల్లీమీటర్లు మాత్రమే! పళ్ళెం వెనుక ఇరుసుకు కొద్దిగా ముందుండాలి. వెనుకకు జరిగితే ముందు చక్రాలు తేలికపడి, స్టీరింగు పట్టు తప్పుతుంది. ఛాసిస్‌ను కోసి అతికితే, వేడికి ఉక్కు బలహీనపడే ప్రమాదముంది.

అన్నిటికన్నా ముఖ్యమైనవి బ్రేకులు. ట్రైలర్‌కు విడిగా గాలి గొట్టాలు, బ్రేకులు ఉండాలి. ట్రైలర్ విడిపోతే అవి తమంతట తామే పడాలి. లాగే బండి వెనుక చక్రాలు బిగుసుకుపోతే, ట్రైలర్ వెనుకనుండి నెట్టగా రెండూ మడత కత్తివలె ముడుచుకుంటాయి. ఇరుకు బజారులో అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

చట్టమూ ఇదే చెబుతున్నది. తయారీదారు నిర్దేశించి, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని స్పష్టం చేసింది. 2018 జూలైలో ట్రైలర్ బళ్ళ గరిష్ఠ స్థూల బరువును 49 నుండి 55 టన్నులకు పెంచినా, అది ఫ్యాక్టరీలోనే అందుకు రూపొందిన బళ్ళకే తగినది. వీధి మూల వెల్డింగుతో ఆ బలం రాదు.

కర్మాగారంలో మనమందరం ఎరిగిన సత్యమిదే: కదిలించడానికి బలం చాలు, నిలపడానికి క్రమశిక్షణ కావాలి. డ్రైవరు సాయంత్రం ఇల్లు చేరడం ఈ రెండవదాని మీదనే ఆధారపడి ఉన్నది.