ఆరు మూలల ఆట... అంతరిక్షం దాకా బాట!

మద్దిలపాలెం జంక్షన్‌లో రెడ్ సిగ్నల్ పడితే చాలు, బస్సులో సగం మంది చేతులు ఫోన్ల మీదకెళ్తాయి. ఒకరు రీల్స్, ఇంకొకరు క్రికెట్ స్కోరు, మరొకరు తేనెపట్టులాంటి గడులు తెరుస్తూ అంకెలు లెక్కపెట్టే పజిల్. ‘అదేం టైంపాసురా’ అని పక్క సీటు అంకుల్ గొణగొచ్చు. కానీ ఆ ఆరు మూలల గడికీ, శ్రీహరికోటలో లేచే రాకెట్‌కీ దగ్గరి చుట్టరికమే ఉంది. ఎలాగో చూద్దాం.

ఊహ వద్దు... లెక్క కావాలి

మైన్‌స్వీపర్ తెలుసుగా? గడి తెరిస్తే ఓ అంకె వస్తుంది. చుట్టూ ఎన్ని బాంబులున్నాయో అది చెబుతుంది. చదరపు గడికి చుట్టూ ఎనిమిది గడులు. వాటిలో నాలుగు గోడ పంచుకుంటాయి, మిగతా నాలుగు మూల దగ్గర మాత్రమే తగులుతాయి. షడ్భుజి గడికి ఆ తేడా లేదు. ఆరూ గోడ పంచుకునే ఇరుగుపొరుగే, ఆరూ సమాన దూరంలోనే.

ఓ చిన్న ఉదాహరణ. ఒక గడిలో 5, దాన్ని ఆనుకుని ఉన్న గడిలో 2 వచ్చాయనుకోండి. ‘5’ చుట్టూ ఆరు గడులు. అందులో ఒకటి ఈ ‘2’ గడే, అది తెరిచేశాం. కాబట్టి మిగతా అయిదూ బాంబులే. షడ్భుజుల్లో పక్కపక్క గడులకు ఉమ్మడి పొరుగులు సరిగ్గా రెండే ఉంటాయి. ఆ రెండూ బాంబులని తేలిపోయింది కాబట్టి ‘2’ లెక్క అక్కడితో సరి. దాని చుట్టూ మిగిలిన మూడు గడుల్నీ ధైర్యంగా తెరిచేయొచ్చు!

పాత మైన్‌స్వీపర్‌లో ఒక్కోసారి దేవుడి మీద భారం వేసి నొక్కాల్సిందే. 2014లో మాథ్యూ బ్రౌన్ తెచ్చిన ‘హెక్స్‌సెల్స్’లో ఆ బాధ లేదు. ఏ పజిల్‌నైనా ఊహించకుండా, లెక్కతోనే పూర్తిచేయొచ్చు.

ఉక్కు ఊళ్లో తేలికపాటి మాట

ఉక్కునగరం పక్కన పెరిగిన మనకు గట్టిదనం అంటే ఉక్కే. అయితే రాకెట్‌కు గట్టిదనంతో పాటు తేలిక కూడా కావాలి. లీటరు సీసా అంత ఉక్కు దిమ్మ దాదాపు 7.8 కిలోలు తూగుతుంది. అంతే సైజు కార్బన్ ఫైబర్ కాంపోజిట్ 1.6 కిలోలే. ఆ కార్బన్ పోగు లోపలికి తొంగిచూస్తే మళ్లీ మన దోస్తే... అణువులు షడ్భుజుల్లోనే అల్లుకుని ఉంటాయి.

ఓ చిక్కుంది. ఈ పోగు వెదురు బద్దలాంటిది. పొడవునా లాగితే లొంగదు, అడ్డంగా అయితే బలం తక్కువ. అందుకే ఎపాక్సీ జిగురు పట్టించిన పొరల్ని పూతరేకుల్లా ఒకదాని మీద ఒకటి, రకరకాల కోణాల్లో పేరుస్తారు. 0, +60, −60 డిగ్రీల్లో సమానంగా పేరిస్తే పలక ఏ వైపు లాగినా ఒకేలా బిగువుగా ఉంటుంది. ఆ మూడు దిశలూ ఎక్కడివో గుర్తుపట్టారా? షడ్భుజి గళ్లలో మనం గీసే మూడు వరసలే!

అక్కడితో ఆపితే కుదరదు. కింది మూడు పొరల్ని అద్దంలో ప్రతిబింబంలా పైన మళ్లీ పేర్చాలి. మొత్తం ఆరు. లేదంటే ఓవెన్‌లో ఉడికి చల్లారేటప్పుడు ఒక్కో పొర ఒక్కోలా కుంచించుకుని, పలక అప్పడంలా వంకర తిరుగుతుంది.

ఇదంతా ఎక్కడో అమెరికా ముచ్చట కాదు. 2018లో ఇద్దరు మాజీ ఇస్రో ఇంజనీర్లు పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా హైదరాబాద్‌లో స్కైరూట్ పెట్టారు. వాళ్ల విక్రమ్-ఎస్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. దేశంలో ప్రైవేటు సంస్థ తయారుచేసి ఎగరేసిన తొలి రాకెట్ అదే. దాని ఒళ్లు కార్బన్ కాంపోజిట్‌దే.

ఒక్క గడి మర్చిపోతే...

అట్టపెట్టె చింపి చూడండి. రెండు పల్చటి కాగితాల మధ్య మడతలు ఉంటాయి, అందుకే తేలిగ్గా ఉన్నా గట్టిగా నిలుస్తుంది. ఉపగ్రహాల పలకలకూ ఇదే కిటుకు. రెండు పల్చటి పలకల మధ్య తేనెపట్టు గడులు పెడతారు. సమాన గడులుగా చోటును విడగొట్టడానికి అతి తక్కువ గోడ పట్టేది షడ్భుజులకేనని థామస్ హేల్స్ 1999లో నిరూపించాడు.

సరిగ్గా అదే ఏడాది నవంబర్‌లో నాసా ఎక్స్-33 అనే రాకెట్ విమానం కోసం చేసిన ఇంధన ట్యాంకును పరీక్షించింది. కాంపోజిట్ పలకలు, మధ్యలో తేనెపట్టు. అందులో −253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ నింపారు. ఆ చలికి లోపలి పలకలో కంటికి కనిపించని పగుళ్లు వచ్చి, గ్యాస్ గడుల్లోకి దూరింది. ట్యాంకు ఖాళీ చేశాక వేడెక్కి వ్యాకోచించింది. బయటి పలక ఊడొచ్చింది. 2001లో ప్రాజెక్టే మూతపడింది.

పైకి నున్నగా కనిపించే పలక కింద, తెరవని గడిలో బాంబు అంటే ఇదే మరి. మామూలు గాలి చిక్కుకున్నా ప్రమాదమే. పైకి వెళ్లేకొద్దీ బయట పీడనం తగ్గుతుంది, లోపలి గాలి తోస్తుంది. అందుకే అంతరిక్షానికి వెళ్లే తేనెపట్టు గడుల గోడలకు సన్నటి రంధ్రాలు పెట్టి, గాలి జారుకునే దారి ఉంచుతారు. ఏ గడీ ఒంటరి కాదు. పక్క గడితో దానికి లెక్క కుదరాలి.

పజిల్ ఆడినంత మాత్రాన రాకెట్ ఇంజనీర్లం అయిపోం. కానీ ‘అయ్యుండొచ్చులే’ అని నొక్కకుండా, ‘ఎందుకు అవుతుంది’ అని ఒక్క నిమిషం ఆగడం మాత్రం రెండు చోట్లా ఒకటే అలవాటు. ఫోన్‌లో పోయేది ఒక గేమే, అక్కడ పోయేది ఏళ్ల కష్టం.

ఇక మీ వంతు. షడ్భుజి గళ్లలో 5 పక్కనే 1 రావడం కుదురుతుందా? సిగ్నల్ గ్రీన్ పడేలోగా చెప్పండి చూద్దాం. ఊహించడాల్లేవ్!