పిల్లిగెద్దల లెక్క తేలేదెలా?

సిరిగేరి: కోతలైన చేలమీద మనిషెత్తున, రెక్కలు కాస్త పైకెత్తి అటూ ఇటూ ఊగుతూ పోయే సన్నటి గెద్ద పిల్లిగెద్ద. ఊళ్లో కోడిపిల్లల కోసం తిరిగే గద్ద వేరు, ఇది వేరు. 19వ శతాబ్దంలో మన దేశపు పక్షులపై పుస్తకం రాసిన జెర్డన్ ఈ తెలుగు పేరునే నమోదు చేశారు. ఇంగ్లీషులో హారియర్ అంటారు. మాంటేగ్యూస్, పాలిడ్ అనే రెండు రకాలు చలికాలంలో కజకిస్థాన్ వైపు మైదానాల నుంచి దక్కను నల్లరేగడికి వస్తాయి, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి.

ఇక్కడ వాటికి ముఖ్యమైన మేత మిడతలు. అంటే రైతు పక్షమే! అయినా వాటి సంఖ్య పడిపోతోంది.

రోళ్లపాడులో ఏమైంది?

బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన రోళ్లపాడు అభయారణ్యం (ఇప్పుడు నంద్యాల జిల్లా) గడ్డిలో ఒకప్పుడు ఇవి వందల్లో రాత్రి బస చేసేవి. చెట్టెక్కవు, నేలమీదే గుంపుగా పడుకుంటాయి. లెక్కకు అదే వీలు. పొద్దు గూకేముందు బస చుట్టూ నిలబడి, దిగే పక్షులను ఎంచడమే. దేశంలోని ఇలాంటి బసల లెక్కలను బెంగళూరుకు చెందిన ఏట్రీ సంస్థ పరిశోధకులు గణేశ్, ప్రశాంత్ ఒకచోట చేర్చి 2018లో ప్రచురించారు. 30 ఏళ్లలో తగ్గుదలే కనిపించింది.

గడ్డిబీళ్లు సేద్యంలోకి వచ్చాయి. పురుగుమందులతో మిడతలు తగ్గాయి. తుంగభద్ర కాలువ పారిన సిరుగుప్ప తాలూకాలో మెట్ట పొలాలు వరిమళ్లయ్యాయి. వరిమళ్లలో, చెరువు జమ్ములో తిరిగే పెద్ద మార్ష్ హారియర్ వేరే జాతి. అది కనబడింది కదా అని పిల్లిగెద్దలు బాగున్నాయనుకుంటే పొరపాటే.

గీత దాటని లెక్క

1953లో ఆలూరు, ఆదోని ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు పోయాయి. గెద్దకు ఆ గీతతో పనిలేదు. పొద్దున అటు, సాయంత్రం ఇటు. లెక్కలు తీసేవాళ్లు మాత్రం ఎక్కువగా పేరున్న బసల దగ్గరికే పోతారు. సిరిగేరి లాంటి ఊళ్ల బీళ్లను ఎవరు చూస్తారు?

ఊరివాళ్లే చూడొచ్చు. ఈబర్డ్ యాప్‌లో పావుగంట సేపు కనబడిన పక్షులన్నీ రాస్తే ఒక జాబితా. అలాంటి వంద జాబితాల్లో ఎన్నింట్లో ఆ పక్షి ఉందో ఏటేటా పోల్చి, పెరిగిందా తగ్గిందా చెబుతారు. 2023లో 942 జాతులపై వెలువడిన దేశ పక్షుల నివేదిక ఇలా తయారైందే. పిల్లిగెద్ద కనబడని రోజు జాబితా కూడా పంపాలి. అదీ లెక్కే.

మగవి బూడిద రంగు, పోల్చుకోవడం తేలిక. ఆడవి, పిల్లలు గోధుమ రంగు, తోక మొదట్లో తెల్లపట్టీ. వీటిలో ఏది ఏ రకమో తలపండినవాళ్లే తడబడతారు. తెలియకపోతే ఉత్త ‘హారియర్’ అని రాస్తే చాలు.