దవడ సర్జరీ తర్వాత పెదవి మొద్దుబారుతుందా? ఒక్కో స్టడీ ఒక్కో లెక్క ఎందుకు చెబుతోందంటే..

కింది దవడ ముందుకొచ్చిందనో, గడ్డం బాగా లోపలికి ఉందనో సర్జరీకి వెళ్లేవాళ్లు మొదట అడిగేది ముఖం ఎలా మారుతుందనే. ఆపరేషన్ అయ్యాక చాలామంది చెప్పేది మాత్రం వేరే.. కింది పెదవికి స్పర్శ తెలియడం లేదని! ఇది కొన్నాళ్లే ఉంటుందా, జీవితాంతం ఉండిపోతుందా అన్నదానిపై ఏళ్లుగా పరిశోధనలు జరుగుతున్నాయి.

కారణం ఎముకలోనే ఉంది. కింది దవడ లోపల రెండు వైపులా సన్నని గొట్టం లాంటి దారి ఉంటుంది. అందులో నుంచి వెళ్లే నరమే కింది పళ్లకు, పెదవికి, గడ్డానికి స్పర్శనిస్తుంది. దవడను జరపాలంటే సర్జన్లు జ్ఞానదంతం ఉండే చోట ఎముకను నిలువుగా రెండు పొరలుగా చీల్చి, కొత్త స్థానంలో టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. 1950ల్లో ఆస్ట్రియా సర్జన్ హ్యూగో ఓబ్‌వెగెసర్ తెచ్చిన పద్ధతి ఇది. కోత నోటి లోపలే కాబట్టి మచ్చ పెద్దగా కనిపించదు. కానీ ఎముక చీలేది సరిగ్గా ఆ నరం పక్కనే. అది తెగకపోయినా సాగుతుంది, నలుగుతుంది.

దీనివల్ల మూతి వంకర పోతుందన్న భయం అక్కర్లేదు. పెదవిని కదిలించే నరం వేరు. కాకపోతే అన్నం మెతుకు అంటుకున్నా తెలియదు, వేడి టీ తగిలినా తెలియదు, గడ్డం గీసుకుంటుంటే తెగినా తెలియదు.

మొదటి రోజుల్లో చాలామందికి ఈ తిమ్మిరి ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఏడాది తర్వాత ఎంతమందికి మిగులుతుందన్న దగ్గరే లెక్కలు కలవవు. కొన్ని స్టడీల్లో అతి కొద్దిమందికే అంటారు, కొన్నింటిలో ఆ సంఖ్య చాలా ఎక్కువ. తేడా అంతా కొలిచే పద్ధతిలోనే ఉంది. పేషెంట్‌ను నోటిమాటగా అడిగితే ఒక జవాబు, సన్నని నైలాన్ పోగుతో పెదవిని తాకి చూస్తే ఇంకో జవాబు వస్తుంది. పరీక్షలో అంతా బాగానే ఉన్నట్టు తేలినా 'మునుపటిలా లేదు' అనేవాళ్లున్నారు. పాత కేస్ షీట్లు తిరగేసి రాసిన స్టడీల్లో అయితే, ఫిర్యాదు చేయనివాళ్లు అసలు లెక్కలోకే రారు.

వయసు విషయంలో మాత్రం చాలా స్టడీలది ఒకే మాట. వయసు పెరిగేకొద్దీ నరం కోలుకోవడం కష్టమవుతుంది. అలాగని మరీ ముందే చేయించుకోవడమూ కుదరదు. దవడ ఎదుగుదల పూర్తిగా ఆగాలి. అది అమ్మాయిల్లో కాస్త ముందుగా, అబ్బాయిల్లో ఆలస్యంగా ఆగుతుంది.

మరి పోయిన స్పర్శ సంగతేంటి? అమెరికాలోని నార్త్ కరోలినా యూనివర్సిటీ పరిశోధకులు పేషెంట్లను రెండు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుతో నోరు తెరిచే వ్యాయామాలు మాత్రమే చేయించారు. రెండో గుంపుకు వాటితో పాటు, అద్దంలో చూస్తూ పెదవి, గడ్డంపై మెత్తగా తాకుతూ ఆ స్పర్శను గుర్తుపట్టే సాధన కూడా నేర్పించారు. స్పర్శలో తేడాతో ఇబ్బంది పడుతున్నామని చెప్పినవాళ్లు రెండో గుంపులో తక్కువ. ఖర్చులేని పద్ధతే అయినా, అడిగితే తప్ప చాలాచోట్ల దీని ఊసెత్తరు.

అందుకే కన్సెంట్ ఫారంపై సంతకం పెట్టే ముందు సర్జన్‌ను రెండు విషయాలు అడగొచ్చు. తన దగ్గర ఆపరేషన్ అయినవాళ్లలో ఏడాది తర్వాత తిమ్మిరి ఎంతమందికి మిగిలింది? ఆ లెక్క పేషెంట్లు చెప్పిందా, తాకి పరీక్షించిందా?