పెట్టె మీద లేని పేరు: ‘కోడ్ మంకీస్’ అనే బొమ్మల ప్రహసనం
హాస్యరచనను పరిశీలించే విమర్శకుడు మొట్టమొదట వేయవలసిన ప్రశ్న, ఈ నవ్వు ఎవరి మీద, ఎవరి పక్షాన అన్నది. నాటకానికీ, కథకూ ఈ ప్రశ్న మనం వేస్తూనే ఉన్నాం. టెలివిజన్‌లో వచ్చే బొమ్మల ధారావాహికలకు వేయడం మాత్రం మన సాహిత్యలోకంలో ఇంకా అలవాటు కాలేదు. అవి పిల్లల వినోదమనే అభిప్రాయం అందుకు కొంత కారణం కావచ్చు. అమెరికాలో పెద్దల కోసమే తీసే బొమ్మల ప్రహసనాలు 1990ల నుంచి ఒక ప్రక్రియగా స్థిరపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం కుటుంబాన్నో, బడినో, ఊరినో వస్తువుగా తీసుకుంటాయి. మనుషులు పనిచేసే చోటును, అందులోనూ కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనిని వస్తువుగా తీసుకున్నవి తక్కువ. అటువంటిది కనుకనే ‘కోడ్ మంకీస్’ గురించి రాస్తున్నాను.

ఆడమ్ డి లా పేన్యా సృష్టించిన ఈ ధారావాహిక జి4 అనే అమెరికన్ ఛానెల్‌లో 2007లో మొదలై, రెండు విడతలుగా ఇరవై ఆరు భాగాలు నడిచి, 2008తో ముగిసింది. కథాకాలం 1980లు. స్థలం కాలిఫోర్నియాలోని సన్నీవేల్. వీడియో ఆటలు తయారుచేసే గేమావిజన్ అనే కల్పిత కంపెనీలో డేవ్, జెర్రీ అనే ఇద్దరు ప్రోగ్రామర్లు ప్రధాన పాత్రలు. మొదటి భాగంలో ఆపిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ (తన పాత్రకు తానే గొంతు ఇచ్చాడు) ఈ కంపెనీని వదిలించుకుంటాడు. కొన్నవాడు టెక్సాస్ ధనికుడు లారిటీ. అతనికి ఆటలంటే తెలియదు, తుపాకులూ డబ్బూ తెలుసు. అక్కడి నుంచి ప్రతి భాగంలోనూ యజమాని అజ్ఞానానికీ, ప్రోగ్రామర్ల ఆకతాయితనానికీ మధ్య తగవులే కథ.

రూపం విషయంలో ఈ ధారావాహిక ఒక తమాషా చేసింది. బొమ్మ మొత్తం పాత వీడియో ఆటలా గళ్లుగళ్లుగా ఉంటుంది. మనుషులు పక్కకు తిరిగి, ఆటలోని బొమ్మల్లా బిగుసుకుని నడుస్తారు. ఆఫీసు బతుకే ఒక ఆటగా చూపడం మంచి ఊహ. అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఆ కాలపు ఆటలకు గళ్ల రూపం వచ్చింది సొగసు కోసం కాదు, పేదరికం వల్ల. 1977లో వచ్చిన అటారీ 2600 యంత్రానికి ఆట నడిచేటప్పుడు వాడుకునే జ్ఞాపకం 128 బైట్లు. ఇప్పటి పద్ధతిలో ఒక తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి. గుణింతాల గుర్తులు, ఒత్తులు విడిగా లెక్కకు వస్తాయి. అంటే 128 బైట్లలో నలభై రెండు సంకేతాలు. ఒక కందపద్యం ఎక్కిద్దామంటే సగంలో ఆగిపోతుంది! తెరమీది బొమ్మనంతా దాచుకునే చోటే ఆ యంత్రంలో లేదు. టెలివిజన్ కిరణం ఒక్కొక్క గీతను గీస్తూ పోతుంటే, ఆ గీతలో ఏముండాలో ప్రోగ్రామర్ అప్పటికప్పుడు అందించాలి. ఒక గీతకు దొరికే వ్యవధి యంత్రపు గడియారంలో డెబ్బై ఆరు టిక్కులు. ఇంత ఇరుకులో అడవులూ, గుహలూ, ఎగిరే ఓడలూ పుట్టించారు వాళ్లు.

‘కోడ్ మంకీస్’ గళ్లబొమ్మలు మాత్రం 2007 నాటి సమృద్ధిలో కూర్చుని వేసుకున్న పేదవేషం. అన్ని రంగులు, అన్ని పాత్రలు ఒకేసారి తెరమీద చూపడం అసలు 2600 వల్ల అయ్యే పని కాదు. వేషం వేయడం తప్పని నేననను. కానీ ఆ రూపాన్ని పుట్టించిన శ్రమ కథలోకి రాకపోతే, రూపం పాతరోజుల మీద మురిపెంగా మిగులుతుంది. ఈ ధారావాహికలో ప్రోగ్రామర్లు పని ఎగ్గొడుతూ కనబడినంతగా పనిచేస్తూ కనబడరు.

ఇక యజమాని సంగతి. నా దృష్టిలో అసలు చర్చ ఇక్కడే ఉంది.

లారిటీ మూర్ఖుడు. మూర్ఖుడైన యజమానిని చూసి నవ్వడం సులువు, ఆరోగ్యం కూడాను. కానీ ఈ కథకు వెనుకనున్న చరిత్ర వేరు. నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ 1972లో స్థాపించిన అటారీని 1976లో వార్నర్ సంస్థ కొన్నది. 1978లో దాని పగ్గాలు పట్టిన రే కస్సార్ బర్లింగ్టన్ అనే పెద్ద బట్టల కంపెనీ నుంచి వచ్చినవాడు. ఆయన మూర్ఖుడు కాడు. వ్యాపారం తెలిసినవాడు, ఆయన హయాంలో అమ్మకాలు ఎన్నో రెట్లు పెరిగాయి. ఆట రాసినవాడి పేరు ఎక్కడా వేయకూడదన్నది అప్పటి కంపెనీ పద్ధతి. డేవిడ్ క్రేన్ అనే ప్రోగ్రామర్ తర్వాతి కాలంలో చెప్పిన ప్రకారం, 1978లో కంపెనీ క్యాట్రిడ్జ్‌ల మీద సంపాదించిన పది కోట్ల డాలర్లలో ఆరు కోట్లు తాను, లారీ కాప్లన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ అనే నలుగురు రాసిన ఆటలవే. ఆ నలుగురి జీతాలు ఏడాదికి ముప్ఫై వేల డాలర్లు దాటవు. పేరూ, వాటా అడగడానికి వెళితే కస్సార్ వాళ్లను తువాళ్ల మీద డిజైన్లు గీసేవాళ్లతో పోల్చాడట. క్యాట్రిడ్జ్‌ను బిగించే కార్మికుడి కంటే మీరేమీ ముఖ్యం కాదన్నాడట. నలుగురూ 1979లో బయటికి వచ్చి యాక్టివిజన్ స్థాపించారు. ఆట రాసినవారి పేరును ఆ కంపెనీ అందరికీ కనబడేలా అచ్చువేసింది.

ఆ మాటను కస్సార్ అహంకారంగా చెప్పుకోవడం రివాజు. కాస్త ఆగి చూస్తే అందులో ఒక సిద్ధాంతం కనబడుతుంది. జీతం ఇచ్చాను కనుక సరుకు నాది, సరుకులో నీ చేతిగుర్తు ఉండకూడదు. ఇది మూర్ఖత్వం కాదు, పద్దు పుస్తకం. లారిటీని బఫూన్‌ను చేసిన ప్రహసనకారుడు ఈ పద్దు పుస్తకాన్ని తెరవలేదు. గురజాడ గిరీశాన్ని మూర్ఖుడిగా తీర్చలేదన్నది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అన్నీ తెలిసి, అన్నిటినీ తన పనికి వాడుకునేవాడు కనుకనే గిరీశం మీద నవ్వు మనల్ని ఆలోచింపజేస్తుంది. లారిటీ మీద నవ్వు ఆ భాగంతోనే అయిపోతుంది. వాడి స్థానంలో తెలివైనవాడు వస్తే అంతా చక్కబడుతుందనే భ్రమకు కూడా అందులో చోటుంది. చరిత్రలో వచ్చింది తెలివైనవాడే.

అసలు ప్రోగ్రామర్ల హాస్యం ఈ ధారావాహికలోని హాస్యం కంటే పదునైనదని నాకనిపిస్తుంది. కస్సార్ ఒక పత్రికతో మాట్లాడుతూ ప్రోగ్రామర్లను ఊరికే చిందులు తొక్కే ‘ప్రిమా డోనాలు’ అన్నాడు. ప్రిమా డోనా అంటే ఇటలీ సంగీతనాటకాల్లో ముఖ్య గాయని, అలకలకు ప్రసిద్ధి. వెంటనే వాళ్లు ‘నేనూ అటారీలో ఒక ప్రిమా డోనానే’ అనే అర్థం వచ్చేలా చొక్కాలు అచ్చువేయించి తొడుక్కున్నారు. ‘మిసైల్ కమాండ్’ను 2600 యంత్రానికి తెచ్చిన రాబ్ ఫులప్ తనకు క్రిస్మస్ బోనస్‌గా ఒక టర్కీ కోడికి చీటీ ఇచ్చారని తర్వాత చెప్పాడు. అతనూ బయటికి వెళ్లి ఇమాజిక్ కంపెనీ పెట్టినవారిలో చేరాడు. కోడి చీటీని మించిన ప్రహసనం ఏ రచయిత కల్పించగలడు?

అన్నిటికంటే నన్ను ఆకర్షించినది వారెన్ రాబినెట్ చేసిన పని. ‘అడ్వెంచర్’ అనే ఆటలో అతను ఎవరికీ చెప్పకుండా ఒక రహస్యపు గది కట్టాడు. నేల రంగులోనే ఉండి కంటికి ఆనని ఒక చుక్కను వెతికి పట్టుకుని, సరైన చోటికి మోసుకువెళితే గోడ దారి ఇస్తుంది. లోపల అతని పేరు, దీన్ని సృష్టించింది ఫలానా అని. 1979లో ఉద్యోగం మానేసి వెళ్లాకనే సంగతి కంపెనీకి తెలిసింది, అదీ ఆట ఆడిన ఒక కుర్రవాడు ఉత్తరం రాస్తే. చిప్పులు మార్చడం ఖర్చుతో కూడిన పని కనుక పేరును అలాగే ఉండనిచ్చారు. పైగా ఇలా దాచిన వాటికి ‘ఈస్టర్ గుడ్లు’ అని ముద్దుపేరు పెట్టి అమ్మకాలకు వాడుకున్నారు.

తెలుగు సాహిత్యం చదివినవారికి ఇది కొత్తగా తోచదు. మన ప్రబంధాల్లో ప్రతి ఆశ్వాసం చివర ఒక గద్యం ఉంటుంది. కవి తన పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు అందులో బిగిస్తాడు. కృతి రాజుకు అంకితమైనా కర్తృత్వం కవిదే. పద సాహిత్యంలో ముద్ర కూడా అటువంటిదే. రాజాశ్రయంలో బతికిన కవికి బాహాటంగా దక్కిన ఆ గద్యాన్ని 1979లో కాలిఫోర్నియా ప్రోగ్రామర్ నేల రంగు చుక్క వెనుక దాచుకోవలసి వచ్చింది. భూస్వామ్యం మీద నాకేమీ మమకారం లేదు. తేడా ఎక్కడుందో చెబుతున్నాను. కృతి మీద కవి పేరు ఉంటే రాజుకు కీర్తి. సరుకు మీద పనివాడి పేరు ఉంటే, వాడు రేపు మరో కంపెనీలో ఎక్కువ అడుగుతాడు.

పేరు దాచే కంపెనీయే పేరు బయటపడటానికి అభ్యంతరం చెప్పని సందర్భం కూడా ఒకటుంది. 1982 క్రిస్మస్ కోసం ‘ఇ.టి.’ సినిమా పేరుతో ఆట కావాలన్నారు. హక్కులకు రెండు కోట్ల డాలర్లు దాటి పోశారని చెబుతారు. తయారీకి హోవర్డ్ స్కాట్ వార్షాకు ఇచ్చినది అయిదారు వారాలు. లక్షల క్యాట్రిడ్జ్‌లు మిగిలిపోయాయి. 1983 సెప్టెంబరులో న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్త గుంటలో అటారీ లారీలకొద్దీ సరుకు పూడ్చింది. 2014 ఏప్రిల్‌లో తవ్వితే అందులో ఇ.టి. కూడా బయటపడింది. 1983లో మొత్తం పరిశ్రమే కూలింది. కారణాలు అనేకం: మార్కెట్‌లో నాసిరకం ఆటల వరద, మోతాదు మించిన ఉత్పత్తి, ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్లు. కానీ చాలాకాలం జనం నోట మెదిలింది అయిదు వారాలు నిద్రమాని పనిచేసిన ఒక మనిషి పేరు.

ధారావాహికలో ప్రోగ్రామర్లలో ఒకే ఒక్క స్త్రీ ఉంది, మేరీ. మగవాళ్ల గదిలో తన పనిని పనిగా గుర్తించమని పోరాడే పాత్ర. ఇది వాస్తవానికి దగ్గర. కరోల్ షా 1978లో అటారీలో చేరింది. ఇక రంగుల పొందిక, పెట్టెల అలంకరణ ఈమె చూసుకుంటుందన్నట్టు కస్సార్ మాట్లాడాడని ఆమె తర్వాత చెప్పింది. ఆమె యాక్టివిజన్‌లో 1982లో చేసిన ‘రివర్ రెయిడ్’ ఆ కాలపు గొప్ప ఆటల్లో ఒకటి. మేరీ పాత్రను ఇంకా పెంచి ఉంటే ప్రహసనానికి బలం వచ్చేది. స్త్రీని అవమానించే జోకులు మాత్రం ఆమెకు దొరికిన చోటు కంటే చాలా ఎక్కువ చోటు తీసుకున్నాయి. పెద్దల హాస్యమన్న పేరుతో వచ్చే బూతు గురించి ఇక్కడ రాయను, అది విసుగు.

ఇంకొకటి. కస్సార్ మాట విని నలుగురు ప్రోగ్రామర్లకు కోపం వచ్చింది. న్యాయమే. ఆ కోపంలో కొంత భాగం, మమ్మల్ని క్యాట్రిడ్జ్ బిగించేవాళ్లతో పోల్చాడే అన్నది. ఆ బిగించేవాళ్లకు వాటా సంగతి అలా ఉంచి, అడిగే గది కూడా లేదు. 1983 ఫిబ్రవరిలో అటారీ తన తయారీ పనిని హాంకాంగ్, తైవాన్‌లకు తరలిస్తూ కాలిఫోర్నియాలో 1,700 మందిని తీసేసింది. గేమావిజన్ ప్రధాన పాత్రల్లో యజమాని ఉన్నాడు, అతని కొడుకు ఉన్నాడు, ప్రోగ్రామర్లు, లెక్కల మనిషి, ముందుగదిలో ఫోను ఎత్తే అమ్మాయి, ఆటల్ని ఆడి పరీక్షించే చిన్నపిల్లవాడు కూడా ఉన్నాడు. క్యాట్రిడ్జ్ బిగించే మనిషి లేదు. హైదరాబాదులోనూ ఇప్పుడు విదేశీ ఆటల కంపెనీల కార్యాలయాలున్నాయి. అక్కడి పని మీద తెలుగులో ఒక ప్రహసనం రాయదలచిన యువరచయిత ఎవరైనా ఉంటే, ‘కోడ్ మంకీస్’ చూడమంటాను, ఆ పాత్రల పట్టికను పక్కన పెట్టుకుని.