మీ నెల రాయి ఏది?

వేలికి రాయి ఉంగరం ఉంటే చూసినవాళ్లు ఊరుకోరు. "ఇదేం రాయి? ఎవరు పెట్టుకోమన్నారు? ఎంతయింది?" అని అడుగుతారు. కొందరు రాశి చూపించుకుని పెట్టుకుంటారు. కొందరు నక్షత్రం చూపించుకుని పెట్టుకుంటారు. ఈమధ్య పట్నం నగల దుకాణాల్లో ఇంకో మాట కూడా వినిపిస్తోంది. "మీరు ఏ నెలలో పుట్టారమ్మా? మీ నెలకు ఈ రాయి" అంటున్నారు.

అక్కలారా, చెల్లెళ్లారా! ఈ రాళ్లు ఎట్లా పుడతాయి? ఏ నెలకు ఏ రాయి అని చెప్పింది ఎవరు? తెలుసుకుందాం.

ఈ పాఠం కోసం మా కేంద్రంలో ముందుగా ముగ్గు వేశాం. నిజం రాళ్లు తెచ్చి చూపించాలంటే మా వల్ల అయ్యేదా? ముగ్గుకైతే ఇంట్లో ఉన్నవే చాలు.

తొమ్మిది గళ్ల ముగ్గు

మన పెద్దలు చెప్పే రత్నాలు తొమ్మిది. అందుకే నవరత్నాలు అంటాం. ఒక్కో గ్రహానికి ఒక్కో రత్నం. గుడిలో నవగ్రహాలను చూశారు కదా! నడుమ సూర్యుడు, చుట్టూ మిగతా ఎనిమిది. నవరత్నాల ఉంగరంలోనూ అదే వరస. నడుమ సూర్యుడి రాయి కెంపు ఉంటుంది. తూర్పున శుక్రుడి వజ్రం. అక్కడినుంచి కుడిచేతి వైపుగా తిరిగితే చంద్రుడి ముత్యం, కుజుడి పగడం, రాహువు గోమేధికం, శనికి నీలం, కేతువు వైడూర్యం, గురువు పుష్యరాగం, బుధుడి పచ్చ.

కెంపు గడిలో కుంకుమ పోశాం. పుష్యరాగానికి పసుపు. ముత్యానికి తెల్లటి ముగ్గుపిండి. పగడానికి ఇటుక పొడిలో కొంచెం కుంకుమ కలిపాం. పచ్చకు ఎండిన మునగాకు నలిపి పోశాం. నీలానికి బట్టలకు పెట్టే నీలిమందు కలిపిన పిండి. గోమేధికం తేనె రంగులో ఉంటుంది. దానికి వాడేసిన టీపొడిని ఎండబెట్టి తెచ్చారు. బెల్లం పొడి వేద్దామని ఒక పిన్ని అంది గానీ చీమలు పడతాయని మిగతావాళ్లు ఒప్పుకోలేదు.

వజ్రం దగ్గర అందరం ఆగిపోయాం. దానికి రంగే లేదు, మెరుపు మాత్రం ఉంది. అప్పుడు ఒక అవ్వ లేచి ఇంటికి వెళ్లి గుప్పెడు కల్లుప్పు తెచ్చి ఆ గడిలో పోసింది. ఎండ పడగానే తళతళమంది.

వైడూర్యం పిల్లికన్ను లాగా ఉంటుంది. నడుమ తెల్లటి గీత, రాయి కదిలితే గీత కూడా కదులుతుంది. ఆ రాయి లోపల వెంట్రుకకంటే సన్నటి గీతలు ఒకే వైపుగా పేర్చినట్టు ఉంటాయి. వెలుగు వాటిమీద పడి ఒక్క గీతగా తిరిగొస్తుంది. పట్టుచీర మడత మీద మెరుపు గీత కనిపిస్తుందే, అట్లాంటిదే. మేం పసుపులో ఆకుపొడి కలిపి, నడుమ పిండితో సన్నగా ఒక గీత లాగాం.

ఇవి దేనితో అయ్యాయి?

కెంపు, నీలం రెండూ ఒకటే రాయి అంటే నమ్ముతారా? నిజమే. మన వంటింట్లో అల్యూమినియం గిన్నె ఉంటుంది. ఆ అల్యూమినియం, గాలిలో ఉండే ఆక్సిజన్ కలిసి గట్టిపడితే వచ్చే రాయి అది. అచ్చంగా అదే అయితే రంగు ఉండదు. అందులో రవ్వంత క్రోమియం చేరితే ఎర్రగా మారుతుంది. అది కెంపు. రవ్వంత ఇనుము, టైటానియం చేరితే నీలంగా మారుతుంది. అది నీలం. ఒకటి సూర్యుడిది, ఒకటి శనిది అని మనం వేరు చేశాం. నేలలో మాత్రం రెండూ అక్కాచెల్లెళ్లు.

వజ్రం ఏమిటి? బొగ్గులో ఉండే కార్బన్ అనే పదార్థమే. భూమి లోపల చాలా లోతున, చాలా వేడిలో, చాలా బరువు కింద నలిగి వజ్రమవుతుంది.

ముత్యం, పగడం అసలు రాళ్లే కావు. వాటిని ప్రాణమున్న జీవులు తయారు చేస్తాయి. నీళ్లలో ఉండే ముత్యపు చిప్ప లోపలికి బయటిది ఏదైనా దూరిందనుకోండి. లోపలి జీవికి అది బాధ. దానిమీద పొర మీద పొర కప్పుతుంది. అదే ముత్యం. ఇప్పుడు మనుషులే చిప్పలో చిన్న పూస గానీ, చిప్ప కండ ముక్క గానీ పెట్టి ముత్యాలు పండిస్తున్నారు. బజారులో దొరికేవి దాదాపు అన్నీ అట్లా పండించినవే. హైదరాబాద్ ముత్యాలకు పేరు. కానీ హైదరాబాద్‌లో సముద్రం ఉందా? లేదు! ముత్యాలు బయటి దేశాలనుంచి వస్తాయి. ఇక్కడ రంధ్రం చేసి, మెరుగు పెట్టి, దండలు గుచ్చుతారు.

పగడం కూడా సముద్రంలోని చిన్న చిన్న జీవుల ఇల్లు. ముత్యం, పగడం రెండింట్లో ఉండేది సున్నపురాయిలోని పదార్థమే. కాబట్టి మీ దగ్గర ముత్యాల కమ్మలు ఉంటే నిమ్మకాయతో తోమకండి. పులుపు తగిలితే మెరుపు పోతుంది.

ఏ నెలకు ఏ రాయి?

ఇంగ్లీషు నెలల ప్రకారం పట్టిక ఇది. జనవరికి గార్నెట్ అనే ముదురు ఎరుపు రాయి. ఫిబ్రవరికి అమెథిస్ట్ అనే ఊదారంగు రాయి. మార్చికి నీటి రంగు అక్వామెరీన్. ఏప్రిల్‌కు వజ్రం, మే నెలకు పచ్చ, జూన్‌కు ముత్యం, జూలైకి కెంపు. ఆగస్టుకు లేతాకు రంగు పెరిడాట్. సెప్టెంబరుకు నీలం. అక్టోబరుకు అన్ని రంగులూ మెరిసే ఒపల్. నవంబరుకు టోపాజ్. డిసెంబరుకు ఫిరోజా.

వీటికి అర్థాలు కూడా చెబుతారు. గార్నెట్ అంటే మాట తప్పకపోవడం, కెంపు అంటే ప్రేమ, నీలం అంటే తెలివి, ముత్యం అంటే స్వచ్ఛమైన మనసు. ఫిబ్రవరి రాయి కథ విన్నప్పుడు మా కేంద్రంలో అందరూ ఒకటే నవ్వు. అమెథిస్ట్ అనేది గ్రీకు మాట. 'మత్తెక్కనిది' అని దాని అర్థం. ఆ రాయి దగ్గరుంటే ఎంత తాగినా మత్తెక్కదని పాతకాలంలో గ్రీకులు నమ్మేవారు. "అయితే మా ఆయనకు ఒక గంప రాళ్లు కావాలి" అంది ఒక అక్క. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా ఆపడానికి ఏ రాయీ పెట్టుకోలేదు. అందరూ కలిసి సారా దుకాణం ముందు నిలబడ్డారు. మరుసటి ఏడాది, 1993 అక్టోబరులో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది.

సరే, ఈ నెలల పట్టిక ఎవరు రాశారు? ఋషులా? కాదు. నెలకొక రాయి అనే మాట చాలా దేశాల్లో పాతదే గానీ, ఒక్కోచోట ఒక్కో రకంగా చెప్పేవారు. 1912లో అమెరికాలో నగల వ్యాపారుల సంఘం కూర్చుని ఒకే పట్టిక ఖాయం చేసింది. అంతా ఒకే పట్టిక చెబితే అమ్మకాలు సులువు కదా! తర్వాత కూడా మార్పులు జరిగాయి. ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో 1967లో ఒక కొత్త నీలిరంగు రాయి దొరికింది. దాని పేరు టాంజనైట్. 2002లో దాన్ని డిసెంబరు పట్టికలో చేర్చారు. అంటే 2001 దాకా డిసెంబరులో పుట్టినవాళ్లకు ఆ రాయి లేదు. మరుసటి ఏడాది వచ్చేసింది!

ఇంకో చిక్కు. ఆగస్టులో పుట్టిన ఒకామెది సింహరాశి అనుకోండి. నెల పట్టిక పెరిడాట్ అంటుంది. రాశి పట్టిక సూర్యుడి కెంపు అంటుంది. ఆమె ఏది కొనాలి?

జనవరి 1న పుట్టినవాళ్లు

మా కేంద్రంలో ఎవరెవరిది ఏ రాయో రాద్దామని ఆధార్ కార్డులు తీశాం. పెద్దవయసు వాళ్లలో చాలామందికి పుట్టినరోజు జనవరి 1 అని ఉంది! వాళ్లంతా ఒకేరోజు పుట్టారా? లేదు. పుట్టిన తేదీ తెలియనివాళ్లకు ఏడాది అంచనా వేసి, జనవరి 1 అని పెట్టేశారు. ఆ లెక్కన వాళ్లందరికీ గార్నెట్టే. "నేను పుట్టింది వేరుశనగ పీకేటప్పుడని మాయమ్మ చెప్పేది. దానికి ఏం రాయి?" అని అడిగింది కల్లుప్పు తెచ్చిన అవ్వ. ఏ పట్టికలోనూ దీనికి జవాబు లేదు.

అందుకని పట్టిక పక్కన పెట్టాం. అందరికీ తలా ఒక కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చాం. మీ రాయి మీరే గీయండి, అర్థం మీరే రాయండి అన్నాం. ఒక అక్క నల్లటి రాయి గీసి, కింద 'రోకలి, మాయమ్మ ఇచ్చింది' అని రాసింది. ఒక చెల్లెలు పచ్చరాయి గీసింది. 'బోరులో నీళ్లు పడిన ఏడు' అని రాసింది. ఇంకొకామె సగం ఎరుపు, సగం తెలుపు రాయి గీసి, అర్థం రాయలేదు. అడిగితే "నాకు తెలుసు, చాలు" అంది. నేనూ మళ్లీ అడగలేదు. అవ్వ మాత్రం మట్టిరంగు రాయి గీసి, దానిమీద రెండు వేరుశనగ గింజలు పెట్టింది. తన పేరు తప్పు లేకుండా రాసింది.

మన నేలలో రాళ్లు

గార్నెట్ కోసం అమెరికా పోనక్కర్లేదు. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్టలో ఆ రాళ్లు దొరికేవి. పాతకాలంలో వాటితో పూసలు చేసేవారు. వజ్రాలకైతే మన నేలకు ప్రపంచంలోనే పేరు ఉండేది. 1700ల మొదటి దాకా ప్రపంచంలోని వజ్రాలు ఎక్కువగా మన దేశంనుంచే వెళ్లేవి. కృష్ణానది ఒడ్డున కొల్లూరు గని వాటిలో పెద్దది. 1600ల నడుమ ఫ్రాన్సు దేశపు వ్యాపారి టావెర్నియే ఆ గని చూశాడు. అక్కడ అరవై వేలమంది పని చేసేవారని రాశాడు. మగవాళ్లు తవ్వేవారు. ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవారు. ఆ వజ్రాలు పెట్టుకున్న రాజుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. మట్టి మోసిన ఒక్క ఆడమనిషి పేరు కూడా లేదు.

కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో, అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపు ఇప్పటికీ తొలకరి వాన పడితే జనం వజ్రాలు వెతుకుతారు. వాన పైమట్టిని కడిగేస్తే రాయి బయటపడుతుంది. కూలి మానుకుని, సద్ది కట్టుకుని వెళ్లే ఆడవాళ్లు ఉన్నారు. ఎప్పుడో ఒకరికి దొరుకుతుంది. ఆ మాట పది ఊళ్లకు పాకుతుంది. ఉత్త చేతులతో తిరిగొచ్చిన వందమంది మాట ఎవరూ చెప్పరు.

కొనేటప్పుడు

మాకు తెలిసిన ఒకామె కొడుక్కి జ్వరం తగ్గడం లేదని, పొదుపు సంఘంలో అప్పు తీసి రాయి ఉంగరం చేయించింది. రసీదు ఇవ్వలేదు. తర్వాత డబ్బు అవసరమై అమ్మబోతే, అది రంగు గాజు అని తేలింది. బంగారానికి మాత్రం ధర కట్టారు. పిల్లాడికి ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేస్తే మలేరియా అని తెలిసింది. మాత్రలతో తగ్గింది.

నమ్మకం ఎవరిది వారిది. అందంగా ఉందని రాయి పెట్టుకుంటే ఎవరూ కాదనరు. కానీ రాయి పెట్టుకుంటే జబ్బు తగ్గుతుందని ఏ పరీక్షలోనూ రుజువు కాలేదు. జ్వరానికి ముందు పోవలసింది ఆస్పత్రికి.

రాయి అసలుదా కాదా అని ఇంట్లో తేల్చలేం. నీలాన్ని పాలలో వేస్తే పాలు నీలంగా కనిపిస్తాయంటారు. నీలి గాజు వేసినా అట్లాగే కనిపిస్తాయి. కెంపులను యంత్రంలో తయారు చేయడం 1902లోనే ఫ్రాన్సులో వెర్నూయి అనే ఆయన చూపించాడు. అవి గాజు కావు, కెంపులే. కానీ గనిలో పుట్టినవి కావు, చాలా చవక. గని కెంపులకు కూడా రంగు పెరగాలని వేడి చేస్తారు. ఈ తేడాలు ప్రయోగశాల పరికరాలకే తెలుస్తాయి. అందుకే ఖరీదైన రాయికి ప్రయోగశాల ఇచ్చిన కాగితం అడగండి.

బరువు సంగతి కూడా చూడండి. రాళ్లను క్యారెట్లలో తూస్తారు. 5 క్యారెట్లు అయితే ఒక గ్రాము. ఉంగరం మొత్తం తూచి, రాయి బరువుకు కూడా బంగారం ధర వేసేవాళ్లు ఉన్నారు. అదే ఉంగరం మీరు అమ్మబోతే మాత్రం రాయి బరువు తీసేస్తారు! కాబట్టి రసీదులో బంగారం బరువు వేరుగా, రాయి బరువు వేరుగా, రాయి పేరు, ధర వేరుగా రాయించుకోండి. హాల్‌మార్క్ ముద్ర బంగారం గురించే చెబుతుంది. రాయి గురించి చెప్పదు.

ఇప్పుడు మీకు చదవడం వచ్చు. రసీదు చేతికి ఇవ్వగానే మడిచి పెట్టుకోకండి. అక్కడే నిలబడి చదవండి. ఎంతసేపు పట్టినా ఫరవాలేదు, దుకాణం వాళ్లు ఆగుతారు. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది వినియోగదారుల సహాయం కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు. తెలుగులో మాట్లాడవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు కూడా ఇవ్వవచ్చు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. రెండేళ్లలోపు ఇవ్వాలి, రసీదు జత చేయాలి.