టు వేయాలా, ఇంగ్ వేయాలా?



ఇవాళ నేను చెప్పబోయేది వంట గురించి కాదు, కుట్టుపని గురించీ కాదు. ఇంగ్లీషు గురించి. పదో తరగతితో చదువు చాలించిన ఈవిడ మనకు ఇంగ్లీషు చెప్పేదేమిటి అని మీకు అనిపిస్తే తప్పులేదు. ఈ ప్రసంగం రాసుకుంటున్నప్పుడు నాకూ అలాగే అనిపించింది. అయితే ఒక్క మాట పొరపాటుగా రాసి కన్నకొడుకు ముందు తలదించుకున్నదాన్ని గనుక, ఆ పొరపాటు గురించి చెప్పే హక్కు నాకు కాస్త ఉందనుకుంటున్నాను.

సంగతేమిటంటే, మా చిన్నవాడి స్కూలునుంచి ఒక చీటీ వచ్చింది, మొదటి టర్ము ఫీజు కట్టలేదని. జూన్ నెలలో నేనే స్వయంగా వెళ్ళి, వరుసలో గంటసేపు నిలబడి కట్టివచ్చాను. రసీదు మాత్రం ఎక్కడ పెట్టానో, బీరువా అంతా తిరగేసినా దొరకలేదు. మావారు ఊళ్ళో లేరు. సరే, నాకొచ్చిన ఇంగ్లీషులో నేనే వాడి డైరీలో ఒక ముక్క రాసి పంపాను. జూన్‌లో ఫీజు కట్టినట్టు నాకు బాగా గుర్తుంది అని నా ఉద్దేశం. నేను రాసింది, "ఐ రిమెంబర్ టు పే ది ఫీజ్" అని.

సాయంత్రం వాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. డైరీలో నా వాక్యం కింద, "సంతోషం, రేపే కట్టండి" అని ఇంగ్లీషులో రాసి ఉంది. "నువ్వే కడతానని రాశావుట కదమ్మా! పీరియడంతా నన్ను బయట నిలబెట్టారు" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మా మేడమీద వాటాలో ఒక పిన్నిగారు ఉంటారు. చాలా ఏళ్ళు ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరయ్యారు. డైరీ పట్టుకుని ఆవిడ దగ్గరకు వెళ్ళాను. కళ్ళజోడు సవరించుకుని చదివి, "ఏమ్మా, నువ్వు కట్టానని రాయలేదే! కట్టడం మరిచిపోనని రాశావు" అన్నారు.

"అదేమిటి పిన్నిగారూ, రిమెంబర్ అంటే గుర్తుండడమే కదా?"

"గుర్తుండడమే. అయితే ఏది గుర్తుంది? చేసేసిన పనా, చేయవలసిన పనా? అది చెప్పేది రిమెంబర్ కాదమ్మా, దాని వెనకాల వచ్చే మాట."

ఆ రాత్రి పప్పు మాడిపోయినా సరే అని కూర్చుని విన్నాను. విన్నదాంట్లో నాకు అర్థమైనంతవరకు మీతో చెబుతాను.

ఇంగ్లీషులో ఒక క్రియ పక్కన ఇంకో క్రియ చేరాలంటే రెండోది రెండు వేషాల్లో ఏదో ఒకటి వేసుకుని వస్తుంది. ముందు "టు" పెట్టుకుని వస్తే ఇన్ఫినిటివ్. టు కుక్, టు పే, టు గో. వెనక "ఇంగ్" తగిలించుకుని పేరులాగా నిలబడితే జెరండ్. కుకింగ్, పేయింగ్, గోయింగ్. మన పాత వ్యాకరణాల్లో మొదటిదాన్ని తుమున్నర్థకం అనేవారట. ఆ మాట వింటేనే నాకు తుమ్మొచ్చింది గనుక దాని జోలికి పోను.

మా చిన్నవాడు ఇంగ్ అంటే ఇంగువా అని అడిగాడు. వాడు వేళాకోళానికే అన్నాడు గాని నాకు మాత్రం అదే బాగా పట్టుబడింది. పులిహోరలో ఇంగువ పడకపోతే అది పులిహోరే కాదు. అదే ఇంగువ పాయసంలో పడితే గిన్నె గిన్నెంతా పారబోసుకోవాలి. ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్, మైండ్, సజెస్ట్, కీప్, పోస్ట్‌పోన్ - ఇవి పులిహోర జాతి. వీటి వెనక ఇంగ్ పడాల్సిందే. "ఐ ఎంజాయ్ కుకింగ్" అనాలి గాని "ఎంజాయ్ టు కుక్" అనకూడదు. వాంట్, హోప్, డిసైడ్, ప్రామిస్, అగ్రీ, రెఫ్యూజ్ - ఇవి పాయసం జాతి. "ఐ వాంట్ టు కుక్", అంతే.

ఏది ఏ జాతో బట్టీ పట్టాలా అని నేను బెంగపడ్డాను. పిన్నిగారు, "అక్కర్లేదు, చాలామటుకు మన తెలుగే చెబుతుంది" అన్నారు. చూడండి. వండాలని ఉంది, వెళ్ళాలని నిర్ణయించాను, రావడానికి ఒప్పుకుంది అంటాం. ఆ "ఆలని", ఆ "డానికి" వచ్చిన చోటల్లా పని ఇంకా ముందుంది. అక్కడ ఇంగ్లీషులో టు. వండడం ఇష్టం, అంట్లు తోమడం అయింది అన్నప్పుడు పనిని ఒక వస్తువులాగా చేతిలో పట్టుకుని మాట్లాడుతున్నాం. అక్కడ ఇంగ్.

దీనికి ఒక చరిత్ర కూడా ఉందిట. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో "తాగు" అనే క్రియకు ఉత్త రూపం "డ్రింకన్". తాగడానికి అని చెప్పాలంటే ముందు "టు" చేర్చి, చివర మార్చి "టు డ్రింకెన్నె" అనేవారు. ఆ టు అర్థం వైపుకు, దిక్కుకు అని. బజారుకు, ఇంటికి అన్నప్పటి మన "కు", "కి" లాంటిదే అన్నమాట. మనం తాగడానికి అనడంలోనూ తాగడం వెనక ఆ "కి" దాక్కుని ఉంది కదండీ! ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి మనం! రెండు భాషలూ ఒకే దారిన ఆలోచించాయి. కాలక్రమాన ఆ చివర తోకలు అరిగిపోయి, ముందున్న టు ఒక్కటే మిగిలింది. అందుకే దానిలో ఇప్పటికీ ముందుకు చూసే గుణం ఉంది.

ఇక అసలు చిక్కు. కొన్ని క్రియలు రెండు జాతుల్లోనూ చేరతాయి, చేరినప్పుడు అర్థం మారిపోతుంది. నన్ను ముంచింది ఇవే. పైగా మన "డం" కూడా ఇక్కడ ద్రోహం చేస్తుంది. ఫీజు కట్టడం మరిచిపోయాను అంటాం. డం ఉంది కదా అని "ఫర్‌గాట్ పేయింగ్" అన్నామో, మునిగామన్నమాటే. కట్టలేదు గనుక "ఐ ఫర్‌గాట్ టు పే". కట్టేసి, ఆ కట్టిన సంగతే మరిచిపోతే అప్పుడు "పేయింగ్". అలాగే తాళం వేయడం గుర్తుపెట్టుకో అంటే "రిమెంబర్ టు లాక్ ది డోర్". తాళం వేసినట్టు గుర్తు అంటే "ఐ రిమెంబర్ లాకింగ్ ది డోర్". సగం దారిలో బస్సు దిగి వెనక్కి పరుగెత్తే మనలాంటివాళ్ళకు ఈ రెంటికీ తేడా వేరే చెప్పక్కర్లేదు. తెలుగులో "కట్టినట్టు", "వేసిన సంగతి", "చెప్పినందుకు" అని జరిగిపోయిన రూపం వచ్చిందంటే ఇంగ్ వేయండి. వచ్చినందుకు సంతోషం, "థాంక్యూ ఫర్ కమింగ్".

స్టాప్ దగ్గర మరీ జాగ్రత్త కావాలి. "హి స్టాప్డ్ ఈటింగ్" అంటే తినడం మానేశాడు. "హి స్టాప్డ్ టు ఈట్" అంటే తినడానికి ఆగాడు. నవ్వుకుని ఊరుకోవడానికి లేదు. ఇంట్లో పెద్దవాళ్ళకు మందులిచ్చేది మనమే, డాక్టరుగారికి ఫోనులో రెండు ముక్కలు రాసి పంపేదీ మనమే. బిళ్ళ ఇవ్వడం మానేశాం అని చెప్పాలంటే "వుయ్ స్టాప్డ్ గివింగ్ ది టాబ్లెట్". "స్టాప్డ్ టు గివ్" అని రాస్తే, చేస్తున్న పని ఆపి బిళ్ళ ఇచ్చాం అని అర్థం వస్తుంది. మానేసిన మందు వేస్తున్నారనుకుని ఆయన ఇంకో మందు రాయవచ్చు. అనుమానంగా ఉంటే తెలుగులోనే రాయండి, లేదా ఫోనుచేసి చెప్పండి. నామోషీ ఏమీ లేదు.

ట్రై అనే మాటకు మన తెలుగులో చక్కని జోడీ ఉంది. సీసా మూత తీయడానికి నానా తంటాలు పడితే "ఐ ట్రైడ్ టు ఓపెన్ ఇట్". అది రావడంలేదని పక్కింటి వదినగారు, వేడినీళ్ళు పోసి చూడండి అంటుంది కదా, ఆ "పోసి చూడు" ఉందే, అది "ట్రై పోరింగ్ హాట్ వాటర్". ప్రయత్నమంతా కష్టమైతే టు, చేసి చూడడమైతే ఇంగ్. నా మటుకు నాకు ఈ ఒక్కటీ తెలిసిన రోజున పది పేజీల పుస్తకం చదివినంత తృప్తి కలిగింది.

లైక్, లవ్, బిగిన్, స్టార్ట్ అనేవి మంచివి, ఏది వేసినా సరిపెట్టుకుంటాయి. పట్టింపు ఉన్నవాళ్ళు లైక్ దగ్గర చిన్న తేడా చూపిస్తారు. పాటలు వినడం హాయిగా ఉంటుంది అంటే "ఐ లైక్ లిజనింగ్". హాయి లేకపోయినా మంచిదని చేసే పనికి టు. పడుకోబోయేముందు గ్యాసు కట్టేసి ఉందో లేదో చూడడంలో ఏం హాయి? "ఐ లైక్ టు చెక్ ది గ్యాస్".

మనవాళ్ళు తరచుగా చేసే తప్పు ఇంకొకటి. కూరలు కొనడానికి బజారుకు వెళ్ళాను అన్నదాన్ని "ఫర్ బయింగ్" అంటాం. మనిషి ఎందుకు వెళ్ళాడు, ఎందుకు వచ్చాడు అని చెప్పేటప్పుడు "టు బై" అనాలి. వస్తువు దేనికి పనికొస్తుందో చెప్పేటప్పుడు మాత్రం "ఫర్" పెట్టి ఇంగ్ వేయవచ్చు. ఈ చాకు కూరలు తరగడానికి, "ఫర్ కటింగ్". అసలు ఫర్, వితౌట్, బిఫోర్, ఆఫ్టర్, బై లాంటి చిన్న మాటల వెనక క్రియ వస్తే ఇంగ్ తప్ప మరోటి పడదు. చెప్పకుండా వెళ్ళిపోయాడు, "వితౌట్ టెలింగ్".

అలా అయితే ఉత్తరాల చివర "ఐ లుక్ ఫార్వర్డ్ టు సీయింగ్ యూ" అని టు పెట్టి మళ్ళీ ఇంగ్ ఎందుకని అడిగాను. అక్కడున్నది క్రియకు పెట్టే టు కాదట, ఆ వైపుకు అనే అర్థమున్న పాత టు నేనట. అనుమానం వస్తే క్రియ తీసేసి ఒక పేరు పెట్టి చూడమన్నారు. "లుక్ ఫార్వర్డ్ టు యువర్ లెటర్", కుదిరింది గనుక క్రియకూ ఇంగ్ కావాలి. "వాంట్ టు యువర్ లెటర్", కుదరలేదు గనుక ఇంగ్ వద్దు. ఇదే కొలతతో "యూజ్డ్ టు" కూడా విడిపోతుంది. తెల్లవారుఝామున అయిదింటికి లేవడం నాకు అలవాటే అంటే "ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎట్ ఫైవ్". ఒకప్పుడు లేచేదాన్ని, ఇప్పుడు లేవడంలేదు అంటే "ఐ యూజ్డ్ టు గెట్ అప్". ముందున్న ఆ "యామ్" ఒక్కటే రెంటినీ వేరు చేసేది. మీలో ఎవరు ఏది రాస్తారో నేను అడగను.

మేక్, లెట్ అనేవి ఈ పేచీలో ఏ పక్షమూ కావు. వాటి వెనక టు లేదు, ఇంగ్ లేదు. మా వాణ్ణి నిలబెట్టారు, "దే మేడ్ హిమ్ స్టాండ్". అదే వాడి వైపునుంచి చెబితే ఎక్కడినుంచో టు మళ్ళీ ఊడిపడుతుంది: "హి వజ్ మేడ్ టు స్టాండ్". ఎందుకూ అంటే పిన్నిగారు, "కొన్నిటికి ఎందుకూ ఉండదమ్మా, అత్తవారింటి ఆచారంలాగా" అన్నారు.

మైండ్ సంగతి చెప్పకపోతే నాకు తోచదు. ఒకసారి బస్సులో ఒకావిడ నన్ను, "వుడ్ యూ మైండ్ ఓపెనింగ్ ది విండో?" అని అడిగింది. కిటికీ తీయడమేగా అని పెద్దగా నవ్వుతూ "యస్, యస్" అన్నాను. ఆవిడ మొహం ముడుచుకుని అటు తిరిగింది. నాకేం తెలుసు, ఆవిడ అడిగింది తీయడానికి మీకేమైనా అభ్యంతరమా అని! అభ్యంతరమే, అభ్యంతరమే అని నవ్వుతూ చెప్పానన్నమాట. "నాట్ ఎట్ ఆల్" అనాలట.

మర్నాడు డైరీలో మళ్ళీ రాశాను. "ఐ రిమెంబర్ పేయింగ్ ది ఫీజ్ ఇన్ జూన్. ప్లీజ్ చెక్ యువర్ రిజిస్టర్" అని. ఇదివరకైతే పదిసార్లు కొట్టివేసి రాసేదాన్ని, ఈసారి ఒక్కసారే రాశాను. రిజిస్టరు చూస్తే, మా వాడి ఫీజు అదే పేరున్న ఇంకో సెక్షను పిల్లవాడి లెక్కలో జమ అయి ఉందిట. వాణ్ణి మళ్ళీ క్లాసులో కూర్చోబెట్టారు. రసీదు సంగతి అడగకండి. రెండు వారాల తరువాత నా పెళ్ళి ఆల్బమ్‌లో దొరికింది. అక్కడ ఎందుకు పెట్టానో నాకే తెలియదు.

స్కూలువాళ్ళు కూడా మర్యాదగా డైరీలో జవాబు రాసి పంపారు. "వుయ్ ఆర్ సారీ ఫర్ టు ట్రబుల్ యూ" అని. ఫర్ వెనక టు! సంబరం పట్టలేక మేడమీదకు తీసుకెళ్ళి చూపించాను. పిన్నిగారు కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చదివారు, మళ్ళీ చదివారు, బల్లమీద ఎర్ర పెన్ను కోసం తడిమారు. దాన్ని అప్పటికే నేను కొంగులో దాచేశాను.