సైకిల్‌పై డ్యూటీకా? కనిపించేలా తొక్కండి!

బీరంగూడలో గది తీసుకుని పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో ఉద్యోగం వెతుకుతున్నారా? మొదటి జీతం అందేదాకా ఆటో ఖర్చు తప్పించేది సైకిలే. కాకపోతే కమాన్ దాటగానే 65వ నంబరు జాతీయ రహదారి! లారీలు, కంపెనీ బస్సుల మధ్య ధైర్యం ఒక్కటే చాలదు. మీరు ఎటు వెళ్తారో వెనకవాళ్లకు ముందే తెలియాలి.

రాంగ్‌రూట్ వద్దు: యూటర్న్ దూరమనిపిస్తే దిగి, సైకిల్ నడిపించుకుంటూ జనంతోపాటు రోడ్డు దాటండి.

మరీ అంచుకు పోవద్దు: ఎడమవైపే వెళ్లాలి. కానీ అంచున ఇసుక, గుంతలుంటాయి. వాటిని తప్పించబోయి చటుక్కున కుడికి తిప్పితేనే ప్రమాదం. ఆగి ఉన్న కారు తలుపు తెరిచినా తగలనంత దూరం పాటించండి.

లారీ పక్కన ఆగొద్దు: ఎడమ పక్కన ఉంటే డ్రైవర్‌కు మీరు కనిపించరు. లారీ మలుపు తిరిగితే వెనక చక్రాలు మీవైపే వస్తాయి. వెనకే ఆగండి.

చెయ్యి చూపండి: తిరిగే ముందు వెనక్కి చూసి, చెయ్యి చాపి, తర్వాతే మలుపు తీసుకోండి.

నైట్ షిఫ్టా?: ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, రిఫ్లెక్టర్లు, హెల్మెట్ తప్పనిసరి అనుకోండి. ఇయర్‌ఫోన్స్ జేబులోనే!

అలవాటు లేదా? ఔటర్ పక్కన కొల్లూరు దాకా 2023లో ప్రారంభమైన సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది. అక్కడ ఒంటి చేత్తో తొక్కడం, వెనక్కి చూడటం సాధన చేయండి. తర్వాత ఓ ఆదివారం పొద్దున్నే కంపెనీ గేటు దాకా వెళ్లి రండి. ఎంతసేపు పడుతుందో తెలిస్తే, ఇంటర్వ్యూ రోజు తొందరుండదు. తొందర లేకపోతే సగం ప్రమాదం తప్పినట్లే!